అద్దె సైన్యానికి సీమ చెల్లించిన వెల

పరాయి ప్రభుత్వానికి సైన్యాన్ని సాయంగా పంపితే ఏమవుతుందో సంజామల మండలాన్ని అడగాలి. నొస్సం, పేరుసోముల ఊళ్లున్న ఈ నేల, పక్కనున్న కోవెలకుంట్లతో సహా, ఒకప్పుడు అలాంటి సైన్యం జీతాల కిందే చేతులు మారింది. ఇక్కడి రైతును ఎవరూ అడగలేదు.

1798 సెప్టెంబరులో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం మీద సంతకం చేశాడు. ఆరు బెటాలియన్లు హైదరాబాద్‌లో ఉంటాయి, ఏటా 24,17,100 రూపాయలు నిజాం చెల్లించాలి. అప్పటిదాకా ఆయన కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ తయారుచేసిన దళాలుండేవి. ఆ ఏడాది మార్చిలో రేమండ్ చనిపోయాడు. అక్టోబరులో కంపెనీ సైనికులు ఆ దళాలను చుట్టుముట్టి ఆయుధాలు దించేయించారు. దాంతో నిజాంకు కంపెనీ తప్ప వేరే దిక్కు లేకుండా పోయింది. సాయానికొచ్చిన సేన చేసిన మొదటి పని, సాయం పొందినవాడి సొంత బలాన్ని ఊడబెరకడం.

రెండేళ్లకే దళాలు పెరిగాయి, ఖర్చూ పెరిగింది. 1800 అక్టోబరు 12న కుదిరిన ఒప్పందంతో, మైసూరు యుద్ధాల్లో తన వాటాకొచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను నిజాం ఆ ఖర్చు కింద కంపెనీకి రాసిచ్చేశాడు. కోవెలకుంట్ల సీమ అందులోదే. దత్తమండలాలన్న పేరు అలా వచ్చింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అని పిలవాలని ప్రతిపాదించేదాకా ఆ పేరు ఈ ప్రాంతాన్ని వదల్లేదు.

కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్లను అణిచేశాడు. వాళ్ల కోటలు పోయి పింఛన్లు మిగిలాయి. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి మనవడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి దక్కింది నెలకు 11 రూపాయల చిల్లర. నొస్సం పింఛనులో తనకు రావలసిన భాగమూ సర్కారు ఎగ్గొట్టిందన్న కోపంతో 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. పేరుసోముల దగ్గరి కొండమీద పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీసి, ఆయన తలను 1877 దాకా జనం కళ్లెదుటే వేలాడదీశారు. హైదరాబాద్‌లో కుదిరిన సైనిక ఒప్పందం ఖరీదును ఇక్కడి పల్లెలు ఇలా తీర్చాయి.

అంతటితో ఆగిందా? హైదరాబాద్ కాంటింజెంటు పేరుతో ఇంకో సేన వచ్చింది. ఖర్చు నిజాంది, అధికారులు బ్రిటిష్ వాళ్లు. జీతాల బకాయిలు అప్పులయ్యాయి, ఆ అప్పుల కింద 1853లో బీరారు పోయింది.

ఇదంతా పాత కథ అని తోసేయలేం. 1987 జులైలో శ్రీలంకతో ఒప్పందం కుదరగానే మన శాంతి సేన అక్కడికి వెళ్లింది. అక్టోబరుకల్లా ఎల్‌టీటీఈతో పోరులో దిగింది. 1989లో ప్రేమదాస ప్రభుత్వం వెళ్లిపొమ్మంది. మన జవాన్లతో పోరాడుతున్న పులులకు అదే ప్రభుత్వం ఆయుధాలు అందించింది కూడా! ఎవరి ప్రభుత్వానికి సాయంగా వెళ్లారో వాళ్లిచ్చిన తుపాకులకే మనవాళ్లు ఎదురొడ్డవలసి వచ్చింది. 1990 మార్చిలో చివరి దళం తిరిగొచ్చేసరికి సుమారు 1,200 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. దీనికి తోడు మాల్దీవుల అనుభవం. 1988 నవంబరులో అక్కడి కుట్రను మన పారాట్రూపర్లు గంటల్లో అణిచేశారు, మెచ్చుకోవలసిన పని. అదే దేశం 2024 మే 10లోగా మన సైనిక సిబ్బంది వెళ్లిపోవాలని గడువు పెట్టింది.

ఐక్యరాజ్యసమితి తీర్మానంతో వెళ్లే శాంతి దళాలనూ, భూటాన్‌లో 1960ల నుంచి అక్కడి సైన్యానికి శిక్షణ ఇస్తున్న మన బృందాన్నీ ఈ పత్రిక తప్పుపట్టడం లేదు. పని ఏమిటో, అధికారం ఎవరిదో ముందే తేలిన చోట సైనికుడి శ్రమకు గౌరవం దక్కుతుంది. మన అభ్యంతరం మరోచోట ఉంది. విదేశానికి సేనను పంపాలంటే పార్లమెంటు ఆమోదం తప్పనిసరి అనే చట్టం ఈ దేశంలో లేదు. మంత్రివర్గం తలచుకుంటే చాలు. జర్మనీలో 1994లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చాక, సాయుధ దళాలను పోరుకు పంపాలంటే పార్లమెంటు అనుమతి తీసుకోవాల్సిందే. 2005లో దానికి చట్టమూ చేశారు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరంగా పేరుపడ్డ ఊరి నుంచి, సీమ పల్లెల నుంచి పట్టాలంలో చేరిన పిల్లల విషయంలో మనకు అంత పట్టింపు ఎందుకు ఉండకూడదు?

అలాంటి చట్టం మనకూ రావాలి. ఏ దేశానికి, ఎంతమందిని, ఏ పనికి, ఎన్నాళ్లకు పంపుతున్నారో అందులో రాయాలి. ఖర్చు ఎవరిదో, కమాండు ఎవరి చేతిలోనో తేలాలి. ఆతిథ్య దేశంలో ప్రభుత్వం మారితే ఒప్పందం మళ్లీ పార్లమెంటు ముందుకు రావాలి. అత్యవసరమైతే ముందు పంపి, 30 రోజుల్లో ఆమోదం తీసుకోవచ్చు. ఆమోదం రాకపోతే దళం తిరిగి రావాలి. సైనిక రహస్యాలకు దీనివల్ల భంగమేమీ రాదు, దాడి పథకాలు ఎవరూ అడగడం లేదు. నంద్యాల, కర్నూలు, కడప ఎంపీలు వచ్చే సమావేశాల్లో పార్టీ భేదం లేకుండా ప్రైవేటు బిల్లుగానైనా దీన్ని సభ ముందు పెట్టాలి.