పసుపుకు రంగెందుకు?

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఫిట్స్ వచ్చి పడిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో వాళ్ల రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. తర్వాత పురుగుమందుల వైపూ వేళ్లు చూపారు. ఏదైతేనేం, మనుషులు పడిపోయారు కాబట్టి అధికారులు పరుగెత్తారు.

సీసం పిల్లలకు చేసే చెరుపు అలా కంటికి కనబడదు. బిడ్డ పడిపోడు, జ్వరం రాదు. మాటలు ఆలస్యమవుతాయి, చదివింది నిలవదు, కుదురుగా కూర్చోలేడు. మనం మొద్దు అనుకుంటాం, మాస్టారు బెత్తం తీస్తారు. కడుపులోకి పోయిన సీసం పెద్దల కంటే పిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. ఒంట్లో ఇనుము తక్కువైతే ఇంకా ఎక్కువ. రక్తహీనత ఉన్న మన ఏజెన్సీ పిల్లల సంగతి వేరే చెప్పాలా? తల్లి ఎముకల్లో దాగిన సీసం కడుపులో బిడ్డకూ చేరుతుంది. ఇంతవరకు పరవాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

రైతు పత్రికలో ఈ గోల ఎందుకంటే, పసుపు గురించి. మనం దుంప తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి కొమ్ములు అమ్ముతాం. చేయి దాటాక కొన్నిచోట్ల పాలిష్ పట్టేటప్పుడు లెడ్ క్రోమేట్ చల్లుతారు. అది పెయింట్లలో వాడే పచ్చరంగు, సీసంతో చేసింది. పుచ్చు కొమ్ము కూడా మెరుస్తుంది. పాట్నా మార్కెట్ పసుపులో కిలోకు వెయ్యి మిల్లీగ్రాములు దాటి సీసం దొరికింది. మన చట్టం ఒప్పుకునేది పది.

తప్పు వ్యాపారిది, చెడ్డపేరు పంటది. అసలు మూలం ధర కట్టే పద్ధతిలో ఉంది. పైరంగు చూసి రేటు చెబితే రంగు పూసేవాడికే లాభం. కొమ్ము విరిచి లోపలి రంగు చూడమనండి.

బంగ్లాదేశ్‌లో 2019లో మార్కెట్ పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం ఉండేది. అక్కడి ప్రభుత్వం టోకు మార్కెట్లలో యంత్రాలతో తనిఖీ చేసి జరిమానాలు వేసింది, ఊరూరా చాటింది. 2021కి ఆ లెక్క సున్నాకు వచ్చింది. రెండేళ్ల పని.

మన ఇంటికి దంచుకున్న పసుపు ఉంటుంది. అంగన్‌వాడీలో, ఆశ్రమ పాఠశాలలో మన పిల్లలు తినేది ప్యాకెట్ పసుపు. ముందు దాన్ని పరీక్ష చేయించి ఫలితం నోటీసు బోర్డు మీద పెట్టమని పాడేరు ఐటీడీఏను అడుగుదాం. పాలిష్ లేని కొమ్ముకు కర్కుమిన్ శాతాన్ని బట్టి ధర కట్టమని గిరిజన సహకార సంస్థను అడుగుదాం. కొత్త పసుపు సంతకు దిగకముందే ఈ రెండు అర్జీలూ ఇవ్వాలి.