తుప్పు వదిలితే పాత కారూ పరుగే!

ఊళ్లో పాతింటి వసారాలోనో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఓ మూలనో పట్టా కప్పుకుని నిలబడి ఉంటుంది. చక్రాల్లో గాలి ఉండదు. బానెట్ మీద పిల్లి కునుకు తీస్తుంటుంది. అమ్మేద్దామంటే పాత ఇనుప సామాన్లవాడు చెప్పే రేటు వినగానే ప్రాణం ఉసూరుమంటుంది. ఉంచుకుందామంటే 'ఎందుకండీ ఆ డొక్కు...' అంటూ ఇంట్లోవాళ్ల సణుగుడు. కానీ పెద్దమ్మాయి పెళ్లికూతురై మండపానికి వెళ్లింది అందులోనే. అర్ధరాత్రి నొప్పులొస్తే కోడల్ని ఆసుపత్రికి తీసుకెళ్లిందీ అందులోనే. అందుకే చాలా ఇళ్లలో ఆ పాత డీజిల్ అంబాసిడర్ ఇంకా అలాగే ఉంది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలంటే లక్షలు పోయాలా? అక్కర్లేదు. ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో తెలిస్తే చాలు.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో హిందుస్థాన్ మోటార్స్ 1958 నుంచి 2014 మే వరకూ అంబాసిడర్లను తయారుచేసింది. 1980లో వచ్చిన డీజిల్ రకం మనదేశపు తొలి డీజిల్ కారు. 1489 సీసీ బీఎంసీ ఇంజిన్, శక్తి 40 హార్స్‌పవర్‌లోపే. పరుగుపందేనికి పనికిరాదు కానీ పదిమందిని ఎక్కించినా కాదనకుండా లాగేది. తర్వాతి రోజుల్లో ఇసుజు 2 లీటర్ల డీజిల్ ఇంజిన్ కూడా వచ్చింది. ఈ ఇంజిన్లు మొండివి, ఓ పట్టాన చావవు. కారుని చంపేది ఇంజిన్ కాదు... తుప్పు!

ముందు పొడిచి చూడండి

తుప్పంటే మరేం కాదు. ఇనుము, గాలిలోని ఆక్సిజన్, నీళ్లు కలిస్తే పుట్టేదే. ఉప్పు తోడైతే ఆ పని ఇంకా వేగంగా జరుగుతుంది. అందుకే విశాఖ, కాకినాడ, బందరు, నెల్లూరు లాంటి చోట్ల తిరిగిన కారుకీ, అనంతపురంలో తిరిగిన కారుకీ అంత తేడా. తుప్పుకి ఇనుముకన్నా ఎక్కువ చోటు కావాలి. ఆ ఒత్తిడికే పైన పెయింట్ పొక్కులు లేస్తుంది. పైకి పెసరగింజంత పొక్కు కనిపిస్తే లోపల రూపాయి బిళ్లంత మేర పాడైందనుకోవచ్చు.

అంబాసిడర్ కొన్నవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. లారీలకీ, పాత జీపులకీ ఉన్నట్టు దీనికి విడిగా చాసిస్ ఉండదు. బాడీనే చాసిస్. తలుపుల కింద ముందునుంచి వెనక దాకా వెళ్లే పెట్టెలాంటి రేకులు, ఫ్లోర్, అడ్డపట్టీలు... ఇవే కారు వెన్నెముక. ముందు చక్రాల బరువు మోసే టోర్షన్ బార్లు ఫ్లోర్ కింది అడ్డపట్టీకే బిగించి ఉంటాయి. వెనక కమాన్‌పట్టీలు వేలాడేదీ బాడీ రేకుకే. అక్కడ తుప్పు తింటే అది అందానికి సంబంధించిన లోపం కాదు, కారులో కూర్చున్నవాళ్ల ప్రాణాలకు సంబంధించిన లోపం.

కాబట్టి పైసా ఖర్చుపెట్టే ముందు ఓ పాత స్క్రూడ్రైవర్, చిన్న అయస్కాంతం, టార్చిలైటు పట్టుకుని ఒక పూట కారు కింద గడపాలి. మ్యాట్లు తీసి ఫ్లోర్, డిక్కీలో స్టెప్నీ కింది గుంట, బ్యాటరీ పెట్టే తట్ట, చక్రాలపై వంపులు, తలుపుల అడుగు అంచులు, అద్దాల చుట్టూ రబ్బరు బీడింగు కింద... ఇవన్నీ వెతకాలి. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవాలి. ఠంగుమంటే రేకు బతికే ఉంది. కరకరమని లోపలికి దిగిపోతే కోసి కొత్త రేకు వేయాల్సిందే. అయస్కాంతం అంటుకోని చోట రేకు బదులు పుట్టీ ఉందని అర్థం. వెనకటి యజమాని ఎవరో రంధ్రాన్ని కాగితంతోనో, ఫైబర్ గుడ్డతోనో మూసి పైన పుట్టీ రాసి రంగేయించి ఉంటాడు.

పైపై తుప్పుకి ఇంటివైద్యం

రేకు గట్టిగా ఉండి, పైన మాత్రమే ఎర్రబారితే మిస్త్రీ అక్కర్లేదు. ఓపికుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు.

మొదట ఆ చోటు కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. వైర్‌బ్రష్‌తోనూ, 80 నంబరు ఎమరీ కాగితంతోనూ మెరిసే ఇనుము కనిపించేదాకా గీకాలి. తుప్పు కనిపించిన మేరకే ఆగకుండా చుట్టూ మరో రెండు అంగుళాలు పెయింట్ తీసేస్తే లోపల దాక్కున్నదీ బయటపడుతుంది. చిన్న గుంటల్లో మిగిలిపోయిన తుప్పుకి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ రిమూవర్ రాయాలి. అది తుప్పుని ఐరన్ ఫాస్ఫేట్‌గా మార్చేస్తుంది. చేతికి రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, చెప్పిన పద్ధతిలోనే తుడిచి ఆరబెట్టాలి.

ఆ తర్వాత అసలు పొరపాటు జరిగేది ఆలస్యంలోనే. 'ప్రైమర్ రేపు వేద్దాంలే' అనుకుంటే సముద్రతీరపు ఊళ్లలో తెల్లారేసరికి మళ్లీ ఎర్రబారుతుంది. గీకిన రోజే ప్రైమర్ పడాలి. మామూలు రెడాక్సైడ్ కన్నా ఎపాక్సీ ప్రైమర్ కాస్త ఖరీదెక్కువ. అయినా తేమని లోపలికి రానివ్వదు కాబట్టి అక్కడ కక్కుర్తి పడకూడదు. ఎత్తుపల్లాలుంటే ప్రైమర్ మీద పల్చగా పుట్టీ వేయొచ్చు. పుట్టీ నీళ్లు పీలుస్తుంది. తుప్పు మీద నేరుగా రాస్తే గాయం మీద తడిగుడ్డ కట్టినట్టే!

రంగు విషయానికొస్తే, ఎన్.సి. పెయింట్ చౌక. పీయూ పెయింట్‌కి ఖర్చు ఎక్కువైనా మెరుపూ మన్నికా ఎక్కువే. కానీ పీయూని ఇంటి ముందు స్ప్రే చేయడానికి ప్రయత్నించకూడదు. దానిలో కలిపే హార్డెనర్ ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. సరైన మాస్కు, గాలి బయటికి పోయే ఏర్పాటు ఉన్న షెడ్డులోనే చేయించాలి.

చిల్లులు పడితే...

చిల్లు పడిన రేకుకి మందు లేదు, మార్పే. తుప్పు తిన్న భాగాన్ని ఆరోగ్యంగా ఉన్న ఇనుము తగిలేదాకా కోసి, ఫ్లోర్‌కీ, తలుపుల కింది పెట్టెలకీ 18 గేజ్ రేకుతో కొత్త ముక్క చేసి అతకాలి. కడ్డీ వెల్డింగు ఇంత పల్చటి రేకుని కాల్చి కొత్త చిల్లులు పెడుతుంది. గ్యాస్ వెల్డింగు వేడికి రేకు వంకర్లు పోతుంది. మన షెడ్లలో 'సీఓటూ వెల్డింగ్' అనే పద్ధతి దీనికి బాగా నప్పుతుంది. ఒకేచోట కాల్చకుండా అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క పెడుతూ వచ్చి, చివరికి ఖాళీలు పూడ్చాలి. బరువు మోసే చోట అతుకు చుట్టూ ఎక్కడా తెగకూడదు. రెండువైపులా పెట్టెలు పోతే రెండూ ఒకేసారి కోయకూడదు. ఒకవైపు పని పూర్తయ్యాకే రెండోవైపు. లేదంటే బాడీ కుంగి, తలుపులు పట్టవు.

వెల్డింగు రోజున మూడు జాగ్రత్తలు. బ్యాటరీ వైర్లు విప్పాలి. లోపలి మ్యాట్లు, సీట్లు తీసేయాలి. డిక్కీ వైపు పనైతే డీజిల్ ట్యాంకు దించి దూరంగా పెట్టాలి. 'ట్యాంకు ఖాళీయే కదా' అనుకోవద్దు. ఖాళీ ట్యాంకులోని ఆవిరి కూడా అంటుకుంటుంది. పక్కనే ఇసుక బకెట్టు ఉండాల్సిందే.

అతుకుపని అయ్యాక పెట్టెల లోపలికి, తలుపుల్లోకి రంధ్రాల గుండా మైనం లాంటి యాంటీ రస్ట్ ద్రవం కొట్టించాలి. నీళ్లు కారిపోయే ఆ చిన్న రంధ్రాలను సన్నటి తీగతో పొడిచి శుభ్రంగా ఉంచుకుంటే సగం తుప్పు రాదు. తుప్పు తీయకుండా పైన నల్లటి అండర్‌కోటింగ్ కొట్టించడం మాత్రం ప్రమాదం. తేమని లోపల బంధించినట్టవుతుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ కింద పూసే పాత అలవాటూ మానాలి. దానివల్ల రబ్బరు బుష్‌లు పాడవుతాయి. పైగా అది ఒంటికి తగలడమూ మంచిది కాదు. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమట పడుతుంది. గాలాడే గుడ్డ కవరే మేలు.

తాళం తిప్పే ముందు

ఏళ్ల తరబడి నిలబడిన డీజిల్ బండికి బ్యాటరీ పెట్టి స్టార్టర్ మోగించడం తొందరపాటు. ముందు ఇంజిన్ ఆయిల్, డీజిల్ ఫిల్టర్లు మార్చాలి. ట్యాంకు అడుగున చేరిన నీరు, చెత్త తీసేయాలి. రేడియేటర్‌లో నీళ్లు చూసి, ఇంజిన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి ఎక్కడా పట్టేయలేదని నిర్ధారించుకోవాలి. పంపుని ఆపే స్టాపర్ కేబుల్ పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. తర్వాత పైపుల్లో చేరిన గాలి తీసి, హీటర్ ప్లగ్గులు వేడెక్కుతున్నాయో లేదో పరీక్షించాలి.

స్టార్టయ్యాక పొగే డాక్టర్ రిపోర్టు. నల్లగా వస్తే ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోవడమో, డీజిల్ ఎక్కువ పడటమో కారణం. పంపునీ, నాజిళ్లనీ డీజిల్ పంపుల షాపులో పరీక్ష చేయిస్తే సరిపోవచ్చు. నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. తెల్లగా వచ్చి, వేడెక్కినా ఆగకపోతే కంప్రెషన్ తగ్గిందేమో, నీళ్లు లోపలికి వెళ్తున్నాయేమో చూడాలి. ఈ రెండు రకాల్లో బోరింగు దాకా పోవాల్సి రావచ్చు. అందుకే రంగు వేయించే ముందే ఇంజిన్ సంగతి తేల్చుకోవడం తెలివైన పని.

నడిచే బండికన్నా ఆగే బండి ముఖ్యం. పాత బ్రేక్ ఆయిల్ నీళ్లు పీల్చి సిలిండర్లని లోపల్నుంచే తుప్పు పట్టిస్తుంది. వీల్ సిలిండర్ కిట్లు, రబ్బరు గొట్టాలు, తుప్పు పట్టిన బ్రేకు పైపులు మార్చి కొత్త ఆయిల్ పోయించాలి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. '2312' అంటే 2012లో 23వ వారం తయారైందని. గాట్లు బాగున్నా అంత పాత టైరుని నమ్మి పిల్లల్ని ఎక్కించకూడదు.

డబ్బు ఎక్కడ మిగులుతుంది?

చాలామంది చేసే పని... ముందు తళతళలాడే రంగు, కొత్త సీటు కవర్లు, పాటల పెట్టె. డబ్బులైపోయాక బ్రేకుల సంగతి! వరస తిరగేయాలి. మొదట బాడీ గట్టిదనం, బ్రేకులు, స్టీరింగు, టైర్లు. తర్వాత ఇంజిన్, వైరింగు. ఆఖర్న రంగు. అనుకున్న మొత్తంలో మూడోవంతు ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. రేకు కోసి చూశాక బయటపడే కొత్త ఖర్చులకు అది అక్కరకొస్తుంది.

ఇలాంటి పనిలో సామానుకన్నా కూలీ ఎక్కువ. సీట్లు, మ్యాట్లు, లైట్లు, బీడింగులు విప్పడం, పాత పెయింట్ గీకడం ఇంట్లోవాళ్లు సెలవురోజుల్లో చేసుకుంటే చాలా మిగులుతుంది. విప్పే ప్రతిదీ ఫోనులో ఫొటో తీసి, బోల్టులు విడివిడి డబ్బాల్లో వేసి చీటీ అంటించాలి. మిస్త్రీకి మొత్తం గుత్తకివ్వకుండా దశలవారీగా డబ్బివ్వాలి. ఒక్క షరతు మాత్రం ముందే చెప్పాలి: 'వెల్డింగు అయ్యాక, పుట్టీ పెట్టకముందు చూపించాలి.' మంచి పనివాడు ఆ మాటకు నొచ్చుకోడు.

సామాన్ల కోసం విజయవాడ, విశాఖ, గుంటూరుల్లోని ఆటోనగర్లు, సికింద్రాబాద్ రాణిగంజ్ వెతకొచ్చు. అక్కడ దొరకనివి కోల్‌కతా మల్లిక్ బజార్‌లోనో, చెన్నై పుదుపేటలోనో దొరకొచ్చు. స్టార్టర్, రేడియేటర్ లాంటివి కొత్తవి కొనే ముందు బాగుచేయించే వీలుందేమో అడగాలి.

కాగితాలు మరిచిపోవద్దు

సొంత కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆపైన అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. దానికి ఫారం 25, వాహన తనిఖీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం కావాలి. గ్రీన్ ట్యాక్స్ కూడా ఉంటుంది. 15 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ రుసుముని 2022 ఏప్రిల్ 1 నుంచి 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. బడ్జెట్‌లో ఈ అంకె ముందే రాసుకోవాలి. రంగు మారితే ఆర్.సి.లో నమోదు చేయించాలి. ఇంజిన్ మార్చాలంటే రవాణాశాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

ఇంట్లో కారు లేక, కొని బాగుచేద్దామనుకునేవాళ్లకు మరో మాట. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. దాంతో అక్కడి బండ్లు చౌకగా బయటి రాష్ట్రాల దారి పట్టాయి. ధర చూసి మురిసిపోకుండా నిరభ్యంతర పత్రం ఉందా, ఇక్కడ కట్టాల్సిన జీవితపన్ను ఎంత అన్నవి లెక్కేసుకున్నాకే బేరమాడాలి.

ఎప్పుడు వదులుకోవాలి?

అన్ని కార్లూ బతకవు. టోర్షన్ బార్లు పట్టుకున్న అడ్డపట్టీ, రెండు పక్కల పెట్టెలు, వెనక కమాన్‌పట్టీల కొక్కేల చోటు... మూడూ ఒకేసారి తినేసి ఉంటే, ఖర్చు పెట్టినా నమ్మకంగా నడపలేం. అప్పుడు మనసు రాయి చేసుకోవడమే మంచిది. అలాగని వీధిలో ఇనుప సామాన్లవాడికి అప్పగించొద్దు. గుర్తింపు ఉన్న వాహన తుక్కు కేంద్రానికిచ్చి, డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకుని, రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. లేదంటే ఆ నంబరుతో ఎవరేం చేసినా పోలీసులు తలుపు తట్టేది పాత యజమాని ఇంటికే.

రెండు తప్పుల మధ్యే ఈ కార్లు నాశనమవుతున్నాయి. కొందరు బతికే కారుని తుక్కుకి వేస్తారు. ఇంకొందరు చచ్చిన కారుకి రంగేసి పిల్లల్ని ఎక్కిస్తారు. ఏది ఏదో తేల్చి చెప్పేది ఓ స్క్రూడ్రైవరే. వచ్చే ఆదివారం ఆ పట్టా తీసి, మ్యాట్లు ఎత్తి, ఓసారి పొడిచి చూడండి.