వార్డెనూ గార్డియనూ ఒకటే మాట

సెలవులకి ఇంటికి పోవాలంటే మనం నింపే ఫారం కింద రెండు గీతలు ఉంటాయి. ఒకదాని కింద గార్డియన్ సంతకం అని, ఇంకోదాని కింద వార్డెన్ సంతకం అని రాసి ఉంటది. రెండూ వేరు వేరు మాటలని అందరం అనుకుంటాం. లైబ్రరీలో లావు ఇంగ్లీషు డిక్షనరీ ఉంది కదా, అందులో ఏ మాట ఎక్కడ పుట్టిందో కూడా రాశారు. దాని ప్రకారం ఇవి రెండూ ఒకే మాట. ఫ్రెంచి భాష నుంచి ఇంగ్లీషులోకి రెండుసార్లు వచ్చింది.

1066లో నార్మండీ పాలకుడు విలియం సముద్రం దాటి ఇంగ్లండును గెలిచాడు. నార్మండీ ఫ్రాన్సులోదే గానీ అక్కడి యాస వేరు. పారిస్ వైపు 'గ'తో పలికే కొన్ని మాటల్ని వీళ్లు 'వ'తో పలికేవాళ్లు. గెలిచినవాళ్ల యాసలో కాపలా కాసే మనిషి వార్డెన్ అయ్యాడు. తర్వాత పారిస్ ఫ్రెంచి నుంచి అదే మాట గార్డియన్ అయి మళ్లీ వచ్చింది. ఫ్యాను కొంటే షాపాయన గ్యారంటీ, వారంటీ అంటాడే, అవీ ఇట్లాంటి కవలలే. ఫ్రెంచి అనగానే మనకు బొబ్బిలి యుద్ధం పాఠంలోని బూసీ గుర్తొస్తాడు. కానీ ఈ మాటలు ఆయన తెచ్చినవి కావు. ఆయనకి కొన్ని వందల ఏళ్ల ముందే ఇంగ్లీషులో కలిసిపోయాయి.

హాస్టల్ కూడా ఫ్రెంచి మాటే. హాస్టల్, హోటల్, హాస్పిటల్ మూడూ అతిథి అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి వచ్చినవి. (అతిథులకి ఇట్లాంటి సాంబారు పోస్తారా అని మా రూములో ఒకమ్మాయి అడిగింది. అది వేరే వ్యాసం.)

మన తెలుగులోనూ ఇట్లాగే ఉంది. కాపలా, కావలి, కాపరి, కాపాడు, అన్నీ 'కాచు' నుంచే వచ్చాయి. మిరపకాయల కల్లం చూసినవాళ్లకి ఇది తెలుసు. కాయ ఎండబోసినన్ని రోజులూ రాత్రి కాపలా పడుకుంటారు. దొంగల్ని చూసుకోవడం ఒక్కటే కాదు, మబ్బు పట్టిందంటే లేచి పట్టాలు కప్పాలి. కాయ తడిస్తే బూజు పడుతుంది. దొంగ రాలేదు కదా అంటే రైతు ఒప్పుకోడు.

మన హాస్టల్లో గేటు కాపలా గట్టిగానే ఉంది. అది తప్పనడం లేదు. కానీ జనవరి నుంచి మార్చి దాకా మనలో చాలామంది అమ్మానాన్నలు కోతలకి పోయి చేల కాడే గుడిసెలేసుకుని ఉంటారు. ఇంటికాడ అవ్వ ఒక్కతే ఉంటది. ఆమె రెండు బస్సులు మారి వస్తే, వేలిముద్ర చెల్లదు, సంతకం చేసేవాళ్లని తీసుకురా అంటారు. పోయినేడు ఇద్దరమ్మాయిల అవ్వలు బస్టాండులో ఎవరినో బతిమాలి సంతకం పెట్టించుకొచ్చారు. అది చెల్లింది! ముక్కూమొహం తెలియని మనిషి గార్డియన్ అయ్యాడు, పెంచిన అవ్వ కాలేదు. అదే అవ్వ వేలు పెడితే గవర్నమెంటు పెన్షను ఇస్తుంది. బ్యాంకులో చెల్లే వేలు మన గేటు కాడ ఎందుకు చెల్లదు?

ఇంకో సంగతి. పదో తరగతి అక్క ఒకామెని పది రోజులకని కోతకి తీసుకుపోయారు. ఫారం మీద సంతకం శుభ్రంగా ఉంది. అక్క పరీక్షకి రాలేదు. ఆ రోజు సంతకం చూశారు గానీ, పోవడం నీకిష్టమేనా అని అక్కని ఎవరూ అడగలేదు. మబ్బు పట్టినా పట్టా కప్పలేదన్నమాట.

వార్డెన్ మేడంగారికి మా మనవి. చేర్చుకునేటప్పుడే ఇంటికాడ ఉండే పెద్దవాళ్ల ఫోటో, వేలిముద్ర రిజిస్టరులో తీసుకోండి. వాళ్లొస్తే ఫోటో చూసి మీ ఎదుటే వేలిముద్ర వేయించుకుని పంపండి. కోతల రోజుల్లో ఎవరొచ్చి అడిగినా ముందు అమ్మాయిని పక్కకు పిలిచి అడగండి. ఆమె పోనంటే, మీరే గార్డియన్ అయి కుదరదని చెప్పండి. సంక్రాంతి ఫారాలు డిసెంబరులో జిరాక్సు తీయిస్తారు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

– 9వ తరగతి విద్యార్థిని