ఉలి మన చేతిలో – బాధ్యత యాజమాన్యం మీద

ఇటీవల సంఘ పర్యటనలలో రైల్వే కాలనీలలోనూ, తపాలా ఉద్యోగుల నివాసాలలోనూ ఒక దృశ్యం తరచుగా మా కంట పడుతున్నది. వారపు సెలవునాడు ఇంటి ముందు రెండు స్టూళ్ళు వేసి, వాటి మీద పలక పరచి, ఉద్యోగి తానే రంపం పట్టి కోస్తున్నాడు. ఒకరింట పిల్లవానికి చదువుబల్ల తయారవుతున్నది. మరొకరింట వంటగది గోడకు అరలు అమరుతున్నవి. ఇంకొకరు ముసలితల్లి కూర్చొని స్నానం చేయుటకు పీట చేస్తున్నారు. సెల్‌ఫోనులో చూసి నేర్చుకున్నవారు కొందరు. తండ్రి పక్కన, తాత పక్కన కూర్చొని నేర్చినవారు కొందరు.

ఇది సంఘ పత్రికలో వ్రాయవలసిన విషయమా అని కొందరు మిత్రులు ప్రశ్నించారు. కరువు భత్యం, ఖాళీల భర్తీ, పింఛను వంటి సమస్యలు ఇన్ని ఉండగా చెక్కపని మీద వ్యాసమా అన్నారు. వారి ఆక్షేపణను గౌరవిస్తూనే వ్రాస్తున్నాము. ఎందుకనగా ఈ చెక్కపని వెనుక కార్మికుని విరామకాలం ఉన్నది. అతడు నివసించే ఇంటికి మరమ్మతు ఎవరు చేయాలి అన్న ప్రశ్న ఉన్నది. తోటి శ్రామికుడైన వడ్రంగి కూలి ఉన్నది. ఈ మూడూ సంఘం పట్టించుకోవలసినవే.

మొదట విరామకాలం సంగతి చూద్దాం. 8 గంటలు పని, 8 గంటలు విశ్రాంతి, 8 గంటలు మనిషి తన ఇచ్ఛానుసారం గడుపుకొనే కాలం అన్న భావన ఊరకే పుట్టలేదు. చికాగో పోరాటం 1886 నాటిది. అంతకు 24 సంవత్సరాల ముందే, 1862 లో, హౌరా స్టేషనులో సుమారు 1200 మంది రైల్వే కార్మికులు 8 గంటల పనిదినం కోరుతూ సమ్మె చేశారు. 1974 మే 8 న ప్రారంభమై 20 రోజులు సాగిన అఖిల భారత రైల్వే సమ్మె కోర్కెల పట్టికలోనూ 8 గంటల పని ఉన్నది. ఆ పోరాటాలలో జైళ్ళకు వెళ్ళినవారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నవారు సంపాదించి పెట్టదలచినది జీతం ఒక్కటే కాదు. మనిషి తన చేతులతో తనకు నచ్చిన పని చేసుకొనే సాయంకాలాన్ని కూడ సంపాదించదలచారు. తన కొడుకు కొరకు బల్ల చేస్తున్న ట్రాక్‌మన్ ఆ మూడవ 8 గంటలను అనుభవిస్తున్నాడు. అందుకు మేము సంతోషిస్తున్నాము.

అయితే ఆ మూడవ 8 గంటలు ఎందరికి దక్కుతున్నవి? 1989 నాటి రైల్వే చట్టం నిరంతర పని వర్గానికి రెండు వారాల సగటున వారానికి 54 గంటల వరకు, విరామాలతో కూడిన పని అని ముద్ర వేసిన వర్గానికి వారానికి 75 గంటల వరకు పని చేయించుకొనుటకు వీలు కల్పించింది. రైలు రానంతసేపూ గేటు దగ్గర ఉన్నవాడు విరామంలో ఉన్నాడని కాగితం చెబుతుంది. కాని ఆ విరామంలో అతడు ఇంటికి పోలేడు, నిద్రపోలేడు, పిల్లవానికి లెక్క చెప్పలేడు. అతని ఇంట ఉలికి తుప్పు పట్టిందంటే తప్పు అతనిది కాదు.

రెండవది, చేతిపనికి సమాజంలో ఉన్న గౌరవం. మన దేశంలో చదువుకొన్నవాడు సుత్తి పట్టుట నామోషీ అనే దురాచారం ఇంకా పోలేదు. వడ్రంగం ఒక కులం పని అనీ, కలం మరొకరి సొత్తు అనీ తరతరాలుగా నూరిపోశారు. 1937 లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్ చేతిపనిని చదువుకు కేంద్రం చేయాలని చెప్పింది. మా తరం వారిలో అనేకులు ఉన్నత పాఠశాలలో క్రాఫ్టు పీరియడులో మొదటిసారి చిత్రిక పట్టారు. ఆ పీరియడు క్రమంగా మాయమైంది. చిత్రిక పట్టిన చెక్క మీద చేయి వేసి చూసే ఆనందం మన పిల్లలకు తెలియకుండా పోయింది.

మన శాఖల చరిత్రలోనే వడ్రంగి చేయి ఉన్నది. 1893 లో స్థాపితమైన లాలాగూడ వర్క్‌షాపు వంటి చోట్ల కొయ్యపెట్టెలను నిలబెట్టినది వడ్రంగులే. 1955 లో పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ ప్రారంభమై ఉక్కుపెట్టెలు వచ్చిన తరువాత కూడ లోపలి పలకలు, బల్లలు చాలాకాలం వారి చేతి మీదుగానే వచ్చినవి. రైల్వేకూ తపాలాకూ నడుమ వంతెనయైన ఆర్.ఎం.ఎస్. లో గూళ్ళ కొయ్యబీరువా ముందు నిలబడి ఉత్తరాలు సార్టు చేసిన సోదరులకు, ఆ గూడు కొలతలో అరంగుళం తేడా వస్తే చేయి ఎంత నొచ్చుతుందో తెలుసు. కొయ్య మన వృత్తికి పరాయిది కాదు.

ఇక, పనికి పూనుకొన్నవారికి అనుభవంతో నాలుగు మాటలు. చెక్కలో చేవ చూడవలెను. చెట్టు నడిమి ముదురు భాగమైన చేవకు చెదలు అంత తేలికగా పట్టదు. పై లేత భాగానికి త్వరగా పడుతుంది. పచ్చి చెక్కతో చేసిన వస్తువు ఆరినకొద్దీ మెలి తిరుగుతుంది. చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. నిలువున మారేది బహు స్వల్పం. అందుచేత వానాకాలంలో తలుపు బిగుసుకొన్నదని తొందరపడి చిత్రిక పట్టరాదు. ఎండ వచ్చి తలుపు ఆరిన తరువాత చూసి, అప్పటికీ పట్టుకొంటే పట్టవలెను. శ్రావణంలో గీసిన తలుపు వేసవిలో వేలెడు సందు చూపుతుంది. పలక కొనకు దగ్గరగా మేకు కొడితే చీలుతుంది. ముందు సన్నని బెజ్జం వేసి మరమేకు బిగించుట మేలు. బరువు మోసే అరకు మేకులను నమ్మరాదు. ఒక ముక్క కొనను సన్నగా చెక్కి రెండవదాని బెజ్జంలోకి దింపే పాత అతుకే నమ్మదగినది. ప్లైవుడ్ కొనేవారు దాని మీది ముద్ర చూడవలెను. ఐ.ఎస్. 303 మామూలు వాడకానికి, ఐ.ఎస్. 710 నీరు తగిలే చోట్లకు ఉద్దేశించినవి.

రంపపు పొడిని తేలికగా తీసుకోరాదు. కొయ్యధూళి క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1995 లోనే తేల్చింది. ముక్కుకు గుడ్డ కట్టి, ఆరుబయట కోయవలెను. ఆ పొడిని ఇంటి స్త్రీల చేత ఊడ్పించక, కోసినవారే ఎత్తవలెను. మగవాని ఆదివారపు సరదా ఆడవారి ఆదివారపు చాకిరీ కారాదు. సుత్తి ఎత్తేముందు పక్క ఇంటి తలుపు వైపు ఒకసారి చూడవలెను. రాత్రి డ్యూటీ దిగివచ్చిన లోకో పైలెట్ అక్కడ నిద్రిస్తూ ఉండవచ్చు. అతని నిద్ర మీద వందలమంది ప్రయాణికుల ప్రాణాలు ఆధారపడి ఉన్నవి.

రైల్వే సోదరులకు మరొక హెచ్చరిక. పాత కొయ్య స్లీపరును చూస్తే ఎవరికైనా మనసు పోతుంది. ఒకప్పుడు ఒక మైలు పట్టాకు 1760 నుండి 2000 వరకు స్లీపర్లు కావలసి వచ్చినవి. వాటి కొరకు సాల్, టేకు, దేవదారు అడవులను నరికిన వలస ప్రభుత్వమే, 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో మన్యం ప్రజలకు ఆ అడవిలో కాలు పెట్టే హక్కును కుదించింది. అంతటి మూల్యం చెల్లించి తెచ్చిన కలప అది. కాని చెదలు పట్టకుండా అనేక స్లీపర్లకు క్రియోసోట్ నూనె ఎక్కించారు. అది ఒంటికి తగిలితే హాని, కాల్చితే పొగ మరింత హాని. పిల్లలు పడుకొనే మంచానికి, అన్నం తినే బల్లకు అది పనికిరాదు. అంతేకాక, లైను పక్కన పడి ఉన్నదని తెచ్చుకొన్న ముక్క కూడ రైల్వే ఆస్తియే. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం కింద మొదటి నేరానికే 5 సంవత్సరాల వరకు శిక్ష పడవచ్చు. పీట కొరకు ఉద్యోగం పోగొట్టుకొనవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము. ఇందులో మా పొరపాటు కూడ ఉన్నది గనుక దాచక చెబుతాము.

కొన్నేళ్ళ క్రితం ఒక కాలనీ శాఖా సమావేశంలో ఒక యువ ఉద్యోగిని వేదిక మీదికి పిలిచి మేము అభినందించాము. తన క్వార్టరు తలుపు, కిటికీ రెక్కలు, వంటింటి అర, అన్నీ అతడే బాగుచేసుకొన్నాడు. అంతటితో ఆగక ఇరుగు పొరుగు ఇండ్ల గడియలు కూడ సరిచేశాడు. ఇలాంటివారు కాలనీకి పది మంది ఉండాలని మేము అన్నాము. సభ చప్పట్లు కొట్టింది. మరుసటి సంవత్సరం, ఖాళీ అయిన వడ్రంగి పోస్టు నింపమని అధికారులతో జరిగిన సమావేశంలో అడిగాము. అధికారి ఫిర్యాదుల రిజిస్టరు తెప్పించి మా ముందు తెరిచారు. ఆ కాలనీ నుండి సంవత్సరం పొడుగునా తలుపుల గురించి, కిటికీల గురించి వచ్చిన ఫిర్యాదులు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని. "పనియే లేనిచోట పోస్టు ఎందుకు?" అన్నారాయన. మా వద్ద జవాబు లేదు. తలుపులు బాగుండుట వలన రిజిస్టరు ఖాళీగా లేదు. ఆ తలుపుల ఖర్చు ఒక చిన్న ఉద్యోగి జేబు నుండి, అతని సెలవుదినం నుండి వెళ్ళింది. ఆ ఖర్చు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. మేము చప్పట్లు కొట్టినది ఒక పోస్టు రద్దుకు అని అప్పుడు తెలిసింది.

ఆ యువకుని తప్పు ఏమీ లేదు. తప్పు మాది. ఇంటి సామాను వేరు, ఇల్లు వేరు అని చెప్పవలసిన చోట మేము చెప్పలేదు. బల్ల, పీట, పుస్తకాల అర మన సొంతం. వాటిని మనం చేసుకొనుట మన సంతోషం. తలుపు, కిటికీ, ద్వారబంధం, దూలం యాజమాన్యానివి. క్వార్టరులో నివసించే ఉద్యోగి ఇంటి అద్దె భత్యం వదులుకొంటున్నాడు. ఆపైన లైసెన్సు ఫీజు చెల్లిస్తున్నాడు. అంటే ఆ తలుపు మరమ్మతుకు అతడు ప్రతినెలా ముందే డబ్బు కట్టి ఉన్నాడు. మళ్ళీ తన చేత్తో చేసుకొంటే రెండవసారి కట్టినట్లే.

ఈ రెండవసారి చెల్లింపు ఎక్కడ స్థిరపడిపోయిందో చూడాలంటే గ్రామీణ డాక్ సేవకుల వైపు చూడండి. బ్రాంచి పోస్టుమాస్టరు తపాలా కార్యాలయానికి గది తానే చూపవలెను. అనేక చోట్ల ఇంటి ముందు గదిలో, స్వయంగా మేకులు కొట్టుకొన్న బల్ల మీద ప్రభుత్వ ముద్ర పడుతున్నది. 2018 తరువాత కొంత భత్యం వచ్చినా గది చూపే భారం మాత్రం తొలగలేదు. పేరుకు పని 4 గంటలో, 5 గంటలో. ఆ సోదరులు, సోదరీమణులు చెక్కపని సరదాకు నేర్చుకోలేదు. నెట్టివేస్తే నేర్చుకొన్నారు. స్వయంకృషి అనే మంచి మాటను యాజమాన్యాలు ఎలా వాడుకొంటవో చెప్పుటకు ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

మన పని మనం చేసుకొంటే వడ్రంగి పొట్ట కొట్టినట్లు కాదా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. మా అనుభవంలో, వడ్రంగి కూలిని గీచి గీచి బేరమాడేవాడు చెక్కపని ఎరుగనివాడే. ఒకసారి స్వయంగా చదరం తప్పకుండా నాలుగు కాళ్ళు నిలబెట్టి చూసినవానికి ఆ కూలి ఎక్కువని తోచదు. వడ్రంగిని నిజంగా దెబ్బతీసినది ఆదివారపు అభిరుచి కాదు. రెడీమేడ్ సామాను పోటీ, కలప ధర, శాశ్వత పోస్టుల స్థానంలో వచ్చిన కాంట్రాక్టు పద్ధతి దెబ్బతీసినవి. 2023 లో ప్రారంభించిన విశ్వకర్మ పథకం 18 చేతివృత్తులలో వడ్రంగాన్ని చేర్చి పనిముట్లకు సాయం, రుణం ఇస్తామన్నది. మంచిదే. కాని ఉలి ఇచ్చి పని లేకుండా చేస్తే ఆ ఉలి కూడు పెట్టదు. ప్రభుత్వ కాలనీలలో ఖాళీగా ఉన్న వడ్రంగి పోస్టులు నింపుట అతనికి చేయగల మొదటి సాయం.

కనుక శాఖలకు మా సూచనలు ఇవి. ఒకటి: క్వార్టరు తలుపు గాని, కిటికీ గాని చెడితే ముందు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబరు తీసుకోవలెను. అత్యవసరమై తానే బాగుచేసుకొన్నా సరే, ఫిర్యాదు రిజిస్టరుకు ఎక్కవలెను. ఖాళీ రిజిస్టరు మనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది. రెండు: వీలున్న ప్రతి సంఘ కార్యాలయంలో ఒక పెట్టెలో రంపం, చిత్రిక, ఉలులు, సుత్తి, మూలమట్టం ఉంచవలెను. ఏడాదికి రెండుసార్లు వాడే పనిముట్లు ఇంటింటా కొననక్కరలేదు. విశ్రాంత వడ్రంగి సోదరుని పిలిచి, తగిన ప్రతిఫలమిచ్చి, పిల్లలకు, ఆడపిల్లలతో సహా, పని నేర్పించవలెను. మూడు: పని గంటల కుదింపు, వడ్రంగి ఖాళీల భర్తీ, గ్రామీణ కార్యాలయాలకు శాఖయే వసతి కల్పించుట – ఈ మూడింటినీ ప్రతి చర్చలోనూ కోర్కెలుగా ముందుంచవలెను.

పిల్లవాని బల్లకు చిత్రిక పట్టేటప్పుడు రాలే పొట్టును చూసి సిగ్గుపడవలసినది లేదు. దానిని చూసి గర్వించండి. తలుపు విరిగిననాడు మాత్రం ఉలికి ముందు కలం పట్టండి.