నాలుగు తీగలూ, అయిదో తీగా

ఊళ్ళో జాతర జరిగినా, పెళ్ళి జరిగినా ఈ రోజుల్లో పాటకచేరీ పెట్టిస్తారు. అందరి కళ్ళూ పాడేవాళ్ళ మీద ఉంటాయి, ఆ తరవాత డ్రమ్ములు వాయించేవాడి మీద ఉంటాయి. ఒక పక్కగా నిలబడి, పొడుగుపాటి మెడ గల గిటారు పట్టుకుని నింపాదిగా వాయించే మనిషిని ఎవరూ చూడరు. కాని అతను వాయించటం ఆపితే పాట చప్పబడిపోతుంది. ఏం తగ్గిందో మాత్రం చాలామంది చెప్పలేరు. అతని చేతిలోది బేస్ గిటారు.

మీ అన్నయ్యో, చిన్నాన్నో ఇలాటి బృందంలో చేరాడనుకోండి. కొంత సొమ్ము కూడబెట్టి సామాను కొనటానికి బయలుదేరతాడు. దుకాణంలో అన్నిటికన్న ముందు అతని కంటికి ఆనేది వైరు లేకుండా పనిచేసే వైర్‌లెస్ సెట్టు. అది కొనటం మంచిదేనా? ఈ నెల ఆ సంగతి చూద్దాం. ఇందులో సైన్సు బోలెడున్నది. డబ్బు సంగతి సరేసరి, ప్రాణం సంగతి కూడా కొంత ఉన్నది.

బేస్ గిటారుకు సాధారణంగా నాలుగు తీగలుంటాయి. అన్నిటికన్న లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మిగిలినవి వరసగా 55, 73, 98 సార్లు. మన సంగీతం భాషలో ఇదంతా మంద్రానికి కూడా మంద్రమన్న మాట. పూర్వం పాశ్చాత్య బృందాల్లో ఈ స్వరాలు పలికించటానికి మనిషి కన్న ఎత్తయిన డబుల్ బేస్ ఉండేది. దాన్ని మోసుకు తిరగటమే ఒక శిక్ష. 1951లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, లియో ఫెండర్ అనే ఆయన మెడకు తగిలించుకుని వాయించగల విద్యుత్ బేస్ గిటారును అమ్మకానికి పెట్టాడు. అప్పటినుంచి అది లోకమంతా పాకింది.

దానికి బోలుగా ఉండే పొట్ట లేదు. తీగల కింద అయస్కాంతాలుంటాయి, వాటి చుట్టూ సన్నని రాగి తీగను కొన్ని వేల చుట్లు చుట్టి ఉంచుతారు. ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం చలిస్తుంది, రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. మీ పాఠ్యపుస్తకంలోనూ ఉన్నది. ఇలా పుట్టే విద్యుత్తు బహు స్వల్పం. గిటారు నుంచి దాన్ని ఆంప్లిఫయరు దాకా మోసేది ఒక వైరు. నాలుగు తీగల గిటారుకు అదే అయిదో తీగ.

ఈ అయిదో తీగకు కొన్ని చెడ్డ గుణాలున్నాయి. మామూలు గిటారు వైరు 6 మీటర్లు దాటిందంటే పై స్వరాలు కొద్ది కొద్దిగా మసకబారుతాయి. వైరులోని రెండు లోహపు పొరలూ కలిసి ఒక చిన్న కెపాసిటరు లాగా పనిచేసి వాటిని మింగేస్తాయి. (గిటారులోనే బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్లిఫయరు ఉంటే ఈ బాధ ఉండదు.) అంతకన్న పెద్ద పీడ, గుయ్యిమనే రొద. మన దేశంలో ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మార్చుకుంటూ పోయి వస్తుంది. బేస్ గిటారు లావు తీగను మూడో మెట్టు దగ్గర నొక్కి మీటితే పలికే స్వరం 49. చూశారా, కరెంటు రొద సరిగ్గా బేస్ వాయించేవాడి పక్కనే కూర్చుని శ్రుతి తప్పి పాడుతుంది! అమెరికాలో కరెంటు 60 సార్లు గనక అక్కడి వాళ్ళకు ఈ పోరు మరో స్వరం దగ్గర వస్తుంది.

ఈ రొదను వదిలించటానికి డి.ఐ. పెట్టె అనే చిన్న సాధనం ఉన్నది. అరచేతిలో పడుతుంది. మీ అన్నయ్య మొదట కొనవలసింది ఇదే అని నా అభిప్రాయం. అది చేసే పని చిన్న లెక్కలో చెప్పవచ్చు. గిటారు పంపే సంకేతం 5 అనుకోండి. ఈ పెట్టె దాన్ని ఒక తీగలో 5 గానూ, పక్క తీగలో దానికి వ్యతిరేకంగా మైనస్ 5 గానూ పంపుతుంది. దారిలో కరెంటు వైర్ల నుంచి 2 పాళ్ళ రొద వచ్చి చేరిందనుకోండి. అది రెండు తీగల్లోనూ ఒకే విధంగా చేరుతుంది. అంటే అవతల చివరకు 7, మైనస్ 3 చేరుతాయి. మైకు సెట్టువాళ్ళ మిక్సరు మొదటిదానిలోంచి రెండోదాన్ని తీసివేస్తుంది. 7 లోంచి మైనస్ 3 తీసివేస్తే ఎంత? 10. రొద ఎటుపోయిందో చూడండి! ఈ ఉపాయం వల్లనే వేదిక నుంచి 50 మీటర్ల దూరాన ఉన్న మిక్సరుకు కూడా బేస్ శుభ్రంగా చేరుతుంది.

ఇక ఆంప్లిఫయరు, స్పీకరు పెట్టె. దుకాణదారు ముందుగా వాట్ల సంగతి చెబుతాడు. 250 వాట్లది ఇంత, 500 వాట్లది ఇంత అంటాడు. వాట్లు రెట్టింపయితే చప్పుడు రెట్టింపవుతుందని మీ అన్నయ్య అనుకుంటాడు. అలా కాదు. వాట్లు రెట్టింపయితే 3 డెసిబెల్స్ పెరుగుతుంది. చెవికి అది కొంచెం పెరిగినట్టు మాత్రమే తోస్తుంది. చప్పుడు చెవికి రెట్టింపుగా తోచాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. అందుచేత 250 కి 500 కి నడుమ ఉన్న తేడా కోసం అప్పు చెయ్యటం తెలివిగల పని కాదు. 1969లో ఆంపెగ్ అనే అమెరికన్ కంపెనీ 300 వాట్ల బేస్ ఆంప్లిఫయరు చేసింది. ఆంప్లిఫయరు ఒక్కటే దాదాపు 38 కిలోలు. దాని కింద ఎనిమిది స్పీకర్లు గల బీరువా లాటి పెట్టె ఒకటి! ఇప్పుడు 500 వాట్ల ఆంప్లిఫయరు రెండు మూడు కిలోలకే దొరుకుతుంది. బస్సు టాపు మీద సామాను వేసి తిరిగేవాళ్ళకు వాట్ల కన్న ఈ కిలోల లెక్క ముఖ్యం.

మంద్ర స్వరాలకు మరో చిత్రమైన గుణం ఉన్నది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. దాన్ని 41 తో భాగించండి. ఒక్కొక్క తరంగం 8 మీటర్లకు పైబడిన పొడవు! ఇంత పొడుగు తరంగం మనుషులనూ, స్తంభాలనూ లెక్కచెయ్యక చుట్టి వెళ్ళిపోతుంది. కల్యాణమండపం లాటి సిమెంటు హాల్లో గోడకు తగిలి తిరిగివచ్చి, ఎదురు వచ్చే తరంగంతో కలుస్తుంది. ఒకచోట రెండూ కలిసి గుబగుబలాడతాయి, మరొకచోట ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మీ ఇంట్లో పెద్ద స్పీకరు ఉంటే ఒకే మంద్ర స్వరం పెట్టి గదిలో నడిచి చూడండి. ఆ తేడా మీకే తెలుస్తుంది. పెట్టెను మూలకు నెడితే మంద్రం ఇంకా బలుస్తుంది. ఖర్చు లేకుండా చప్పుడు పెంచటానికి ఇదొక మార్గం. కాని చాలా హాళ్ళలో ఆ గుబగుబ ముందే ఎక్కువగా ఉంటుంది గనక పెట్టెను మూల నుంచి ఇవతలికి లాగవలసి వస్తుంది.

చిన్న పెట్టె 41 ని సరిగా పలికించలేదు గదా అంటారేమో. చాలా బేస్ పెట్టెలు అక్కడ బలహీనంగానే ఉంటాయి. అయినా మనకు స్వరం తెలుస్తుంది. తీగ కంపించినప్పుడు 41 తో పాటు 82, 123, 164 కూడా పుడతాయి. ఇవి వినపడితే చాలు, వీటికి మూలమైన 41 ని మెదడు తనే ఊహించి నింపుకుంటుంది. వేలెడంత స్పీకరు గల ఫోనులో కూడా పాటలోని బేస్ ఆనవాలు పట్టగలగటం ఇందువల్లనే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. వైర్‌లెస్ సెట్టులో రెండు భాగాలు. గిటారుకు తగిలించేది చిన్న ప్రసారిణి. ఆంప్లిఫయరు దగ్గర ఉంచేది రేడియో లాటి గ్రాహకం. చవకరకం సెట్లు చాలా వరకు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. దానికి మన దేశంలో లైసెన్సు అక్కర లేదు. లైసెన్సు అక్కర లేదు గనకనే ఆ బాటలో రద్దీ ఎక్కువ. వైఫై ఉన్నది, బ్లూటూత్ ఉన్నది. కచేరీకి వచ్చిన వెయ్యిమంది జేబుల్లోనూ ఫోన్లున్నాయి. పైగా ఈ తరంగాలను మనిషి ఒంటిలోని నీరు పీల్చుకుంటుంది. సాయంత్రం ఖాళీ పందిట్లో చక్కగా పలికిన సెట్టు, రాత్రి జనం నిండాక తడబడటానికి కారణం ఇదే. గ్రాహకాన్ని దూరాన మిక్సరు దగ్గర పెట్టకూడదు. వేదిక మీదే, వాయించేవాడికి ఎదురుగా, కొంచెం ఎత్తున ఉంచాలి. రెండు ఏరియల్స్ ఉన్న గ్రాహకం మేలు. తరంగాలు అక్కడా ఇక్కడా తగిలి వచ్చి ఒక ఏరియల్ దగ్గర ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నా, జానెడు దూరాన ఉన్న రెండోదానికి సరిగా అందుతాయి. ఇందాక హాలులో బేస్ తరంగాలు చేసిన పనే ఇది. ఈ తరంగం పొడవు మాత్రం పన్నెండున్నర సెంటీమీటర్లు.

డిజిటల్ సెట్టులో స్వరం అంకెలుగా మారి, మళ్ళీ స్వరం కావటానికి సాధారణంగా రెండు నుంచి ఆరు మిల్లీసెకన్లు పడుతుంది. దీనికి కొందరు తెగ బెంగపడతారు. శబ్దం గాలిలో ఒక మీటరు పోవటానికే మూడు మిల్లీసెకన్లు కావాలి. కాబట్టి ఈ ఆలస్యం, స్పీకరు నుంచి ఒకటి రెండు అడుగులు వెనక్కి వేసినంత. బెంగ పడవలసింది మరొక దానికి: మాట్లాడేవాళ్ళ కోసం చేసిన మైకు సెట్లు కొన్ని మంద్ర స్వరాలను కావాలనే కోసేస్తాయి. సెట్టు కాగితం మీద అది ఎక్కడినుంచి పలుకుతుందో రాసి ఉంటుంది. అది 20 అయితే సరే. 80 అయితే లావు తీగలో మొదటి పాలు గాలిలో కలిసినట్టే.

విదేశాల్లో వాడి అమ్మేసిన సెట్లు కారుచవకగా వస్తాయి. వాటిని కొనేముందు ఏ తరంగాల మీద పనిచేస్తాయో చూడాలి. 700 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఇలాటి సెట్ల వాడకం అమెరికాలో 2010 జూన్‌లో ఆగిపోయింది. 600 ప్రాంతంలో చాలా భాగం 2020 జూలైలో ఆగిపోయింది. ఆ తరంగాలను సెల్‌ఫోన్ల కంపెనీలకు ఇచ్చేశారు. మన దేశంలో కూడా 2022 వేలంలో 700 ప్రాంతాన్ని ఒక ఫోన్ కంపెనీ కొనుక్కున్నది. చవకగా వచ్చిందని తెచ్చుకుంటే అది చట్టవిరుద్ధం. దానికి తోడు పాట మధ్యలో గరగరలు!

ప్రాణం సంగతి ఉన్నదన్నాను గదా. 1972 మే నెలలో బ్రిటన్‌లోని స్వాన్సీ పట్నంలో, స్టోన్ ద క్రోస్ అనే బృందంలోని లెస్ హార్వే అనే గిటారు వాద్యకారుడు వేదిక మీద మైకు తాకి, విద్యుదాఘాతంతో మరణించాడు. ఎర్తింగు సరిగా లేదు. గిటారు తీగలు ఆంప్లిఫయరు ద్వారా ఎర్తుకు కలిసి ఉంటాయి. చేత్తో తీగలు పట్టుకుని ఉండగా, పెదవులకు తగిలే మైకులోకి కరెంటు వస్తే, అది మనిషి గుండా దారి చేసుకుంటుంది. 1976 డిసెంబరులో ఫ్లోరిడాలో కిస్ అనే బృందం వాద్యకారుడు ఏస్ ఫ్రేలీకి ఇనప కమ్మీ తాకి గట్టి షాకు కొట్టింది. అతను బతికాడు. ఆ తరవాత ఆ బృందం వైర్‌లెస్ సెట్లకు మారింది. వైరు లేకపోతే గిటారు గుండా కరెంటుకు దారే లేదు. గంతులు వెయ్యటానికి పనికివస్తుందని అందరూ మెచ్చుకునే సాధనానికి ఇదీ ఒక ఉపయోగమే. బేస్ వాయించేవాళ్ళు గంతులు వేసేది ఎటూ తక్కువే గదా!

అయితే, సెట్టు ఉన్నది గదా అని ఎర్తింగును మరిచిపోతే పాడేవాడి గతి ఏమిటి? మూడు పుల్లల ప్లగ్గులో ఒక పుల్ల లావుగా, పొడుగ్గా ఉండటం చూశారా? అది ఎర్తు పుల్ల. మిగతా వాటికన్న ముందుగా తగులుకోవాలని దాన్ని పొడుగ్గా చేశారు. రొద పోతుందని కొందరు ఈ పుల్లను తీసేస్తారు, లేదా దాని వైరును తెంపేస్తారు. నిజంగా రొద పోతుంది కూడా! ఆ పని ఎవరు చేస్తున్నా చెయ్యనివ్వకండి, మీకన్న పెద్దవాళ్ళయినా సరే. డి.ఐ. పెట్టె మీద రొద తగ్గించటానికి వేరే ఒక మీట ఉంటుంది. అది సంకేతం వైరులోని ఎర్తును మాత్రమే విడదీస్తుంది. కరెంటు ఎర్తు జోలికి పోదు. జనరేటరు మీద, అతుకుల వైర్ల మీద జరిగే కచేరీల్లో 30 మిల్లీ ఆంపియర్లు లీకయితే చాలు, కరెంటు ఆపేసే బ్రేకరు ఒకటి దారిలో పెట్టించుకోవాలి. వైర్‌లెస్ సెట్టు కన్న దానికే ముందు డబ్బు పెట్టాలంటాను.

చెవుల మాట కూడా ఒకటున్నది. 85 డెసిబెల్స్ చప్పుడును రోజుకు 8 గంటలు భరించవచ్చునని ఒక లెక్క. ప్రతి 3 డెసిబెల్స్ కీ ఆ కాలం సగం చెయ్యాలి. 88 కి 4 గంటలు, 91 కి 2 గంటలు... 100 డెసిబెల్స్ కి ఎంతసేపో మీరే కట్టి చూడండి. మీకు వచ్చిన జవాబు పావుగంట అయితే లెక్క సరిగా చేసినట్టే. కచేరీ మూడు గంటలు సాగుతుంది. చెవిలో పెట్టుకునే బిరడాలు చాలా చవక.

ఇన్నీ కొన్నాక డబ్బు మిగిలితే మీ అన్నయ్యను వైర్‌లెస్ సెట్టు కొనుక్కోమనండి. కచేరీ నాడు దాన్ని ముందు రాత్రే చార్జి చేసి పెట్టుకోవాలి. పాత వైరు పెట్టెలో ఉన్నదో లేదో చూసుకోవాలి. వచ్చే నెల ఫోనులోని చిన్న మైకు సంగతి చెప్పుకుందాం.