ద్వీపంలో చెట్టు ఎటు జరగాలి?

వేడి పెరిగితే అడవి కూడా చోటు మారుతుంది. చెట్టు నడవదు. కానీ కింద వాలులో మొలకలు బతకక, కాస్త చల్లగా ఉండే పై వాలులో బతికితే, కొన్ని తరాలకు ఆ జాతి చిరునామా మారిపోతుంది. హిమాలయాల్లో ఇలా పైకి జరగడానికి వేల మీటర్లున్నాయి. అండమాన్, నికోబార్‌లో అన్నిటికన్నా ఎత్తయిన శాడిల్ పీక్ 732 మీటర్లే. అంత ఎత్తుకు ఎక్కినా తగ్గే వేడి నాలుగైదు డిగ్రీలు. ఆపైన చోటు లేదు, చుట్టూ సముద్రం.

ఇక్కడి పడౌక్ మన ఎర్రచందనానికి, వేగిసకు దగ్గరి చుట్టం. శేషాచలం ఎర్రచందనంలాగే దీనికీ సొంత గడ్డ చిన్నదే, అది అండమాన్. రెక్కలున్న దాని కాయ గాలికి పక్క వాలుకు చేరుతుంది గానీ, నికోబార్‌కు అడ్డుగా ఉన్న 150 కిలోమీటర్ల సముద్రాన్ని దాటలేదు. అయితే పడౌక్ ఎండాకాలంలో ఆకు రాలుస్తుంది కాబట్టి కొంత పొడిని ఓర్చుకోగలదు. వానలు తగ్గి పొడి నెలలు పెరిగితే ముందు దెబ్బతినేవి తడి నేల కోరుకునే గుర్జన్ వంటి సతత హరిత వృక్షాలు.

తీరం సంగతి వేరు. 2004 డిసెంబర్ 26 భూకంపంలో ఉత్తర అండమాన్ నేల పైకి లేచింది. అలలు అందక అక్కడి మడ చెట్లు ఎండిపోయాయి. నికోబార్‌లో నేల కుంగింది. ఇందిరా పాయింట్ ఏకంగా నాలుగు మీటర్లకు పైగా దిగిపోయింది. పాత మడలు మునిగి చచ్చినా, ఉప్పునీరు లోపలికి చొరబడిన చదును నేలల్లో తర్వాత కొత్త మడలు మొలిచాయి. అది వాతావరణ మార్పు కాదు, నిజమే. కానీ సముద్రమట్టం పెరిగినప్పుడు మడలకు ఏం కావాలో అది చూపించింది: వెనక ఖాళీ నేల. అక్కడ రోడ్డో, గోడో ఉంటే మొలకకు చోటుండదు.

గ్రేట్ నికోబార్ ప్రాజెక్టును ఈ కోణంలో చూడాలి. ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్, విద్యుత్ కేంద్రం కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అటవీ భూమి మళ్లింపునకు 2022లో కేంద్రం సూత్రప్రాయ అనుమతి ఇచ్చింది. 9.64 లక్షల చెట్లు పోవచ్చని పార్లమెంటుకు తెలిపింది. దీవుల్లో ఎనభై శాతానికి పైగా అడవే కాబట్టి, బదులు మొక్కలను హర్యానాలో నాటాలన్నది ప్రతిపాదన. నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయి. రక్షణ అవసరాల వాదననూ తేలిగ్గా కొట్టేయలేం. కానీ హర్యానాలో ఎన్ని మొక్కలు బతికినా, గలాథియా తీరం నుంచి 642 మీటర్ల మౌంట్ థులియర్ వైపు తెగకుండా ఉండాల్సిన అడవికి అవి బదులు కావు. ఆ 9.64 లక్షల లెక్క ఇవాళ నిలబడి ఉన్న చెట్లది. యాభై ఏళ్ల తర్వాత వాటి విత్తనాలు ఏ వాలులో మొలవాలన్నది అందులో లేదు. కనీసం తీరం నుంచి కొండ దాకా ఏ పట్టీలను ముట్టుకోకూడదో రోడ్లు వేయకముందే గుర్తించవచ్చు.