దక్షిణాసియాలో ప్రాంతీయ సహకారం: సార్క్ నుండి ఉపప్రాంతీయ ఒప్పందాల వరకు

2024 నవంబరు 15న నేపాల్‌లో ఉత్పత్తి అయిన 40 మెగావాట్ల జలవిద్యుత్తు భారత సరఫరా వ్యవస్థ మీదుగా తొలిసారిగా బంగ్లాదేశ్‌కు చేరింది. పరిమాణంలో ఇది స్వల్పమే. అయినప్పటికీ ఒక దేశపు విద్యుత్తు రెండవ దేశం గుండా మూడవ దేశానికి విక్రయం కావడం దక్షిణాసియాలో ఇదే ప్రథమం. ఈ ప్రాంతంలో పరస్పర సహకారం ఏ మార్గాన ముందుకు సాగుతున్నదో, ఎక్కడ ఆగిపోతున్నదో ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

సార్క్ ఆవిర్భావం

1947కు పూర్వం నేటి భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ భూభాగాలలో చాలావరకు చెలామణి అయినది ఒకే రూపాయి. వాటిని కలిపినది ఒకే రైలు వ్యవస్థ. వలస పాలన ముగిసిన పిదప సరిహద్దులతో పాటు సుంకాల గోడలూ లేచాయి. 1965 యుద్ధంతో భారత్, నాటి తూర్పు పాకిస్తాన్‌ల నడుమ రైళ్లు నిలిచిపోయాయి. తెగిన సంబంధాలను పునరుద్ధరించే ఆశయంతో 1985 డిసెంబరు 8న ఢాకాలో ఏడు దేశాలతో సార్క్ ఏర్పడింది. 2007లో ఆఫ్ఘనిస్తాన్ ఎనిమిదవ సభ్యదేశంగా చేరింది.

2004లో ఇస్లామాబాద్ శిఖరాగ్ర సమావేశంలో కుదిరిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, సాఫ్టా, 2006 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. అయితే సభ్యదేశాలు అనేక సరకులను 'సున్నిత జాబితా'లలో చేర్చి సుంకాల తగ్గింపు నుండి మినహాయించుకున్నాయి. ప్రపంచ బ్యాంకు 2018 నివేదిక ప్రకారం దక్షిణాసియా దేశాల మొత్తం వాణిజ్యంలో పరస్పర వాణిజ్యం వాటా సుమారు 5 శాతం కాగా, తూర్పు ఆసియా, పసిఫిక్ ప్రాంతంలో అది 50 శాతం. నాటి 2,300 కోట్ల డాలర్ల పరస్పర సరకుల వాణిజ్యాన్ని 6,700 కోట్ల డాలర్లకు పెంచే అవకాశమున్నదని ఆ నివేదిక అంచనా వేసింది.

ఏకాభిప్రాయ నిబంధన

సార్క్ నిబంధనావళి ప్రకారం ప్రతి నిర్ణయమూ ఏకగ్రీవంగా జరగాలి. వివాదాస్పద ద్వైపాక్షిక అంశాలు చర్చకు రాకూడదు. చిన్న దేశాలకు సమాన గౌరవం దక్కేందుకు ఉపకరించిన ఈ నియమమే ఒక దేశపు అభ్యంతరంతో అందరి పనీ నిలిచిపోయేందుకూ కారణమైనది. 2014 నవంబరులో ఖాట్మండు సమావేశంలో విద్యుత్ సహకార ఒప్పందంపై సంతకాలు జరిగినా, మోటారు వాహనాలు, రైల్వేల ఒప్పందాలు పాకిస్తాన్ అంగీకారం లభించక నిలిచిపోయాయి. 2016లో ఇస్లామాబాద్‌లో జరగవలసిన సమావేశం, ఉరీ ఉగ్రవాద దాడి అనంతరం భారత్ సహా పలు దేశాలు పాల్గొనబోమని ప్రకటించడంతో వాయిదా పడింది. ఖాట్మండు తరువాత మరో శిఖరాగ్ర సమావేశం జరగలేదు.

కొద్ది దేశాలతో ముందడుగు

ఈ స్థితిలో, సిద్ధంగా ఉన్న దేశాలు తమలో తాము ఒప్పందాలు చేసుకునే మార్గం బలపడింది. 2015 జూన్ 15న బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ థింపూలో మోటారు వాహనాల ఒప్పందంపై సంతకాలు చేశాయి. సముద్రతీరం లేని నేపాల్‌కు కోల్‌కతా, హల్దియా రేవులకు తోడు విశాఖపట్నం రేవు నుండి రైలు మార్గాన సరకు తరలించుకునే వీలు కల్పిస్తూ 2016 ఫిబ్రవరిలో భారత్, నేపాల్ లేఖలు మార్చుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ తీరం ఈ విధంగా హిమాలయ దేశపు విదేశీ వాణిజ్యానికి మరొక ద్వారమైనది.

నేపాల్ విద్యుత్తు ప్రయాణించిన లైన్లు సైతం ద్వైపాక్షికంగా నిర్మించినవే. నేపాల్‌లోని ఢల్కేబర్ నుండి బీహార్‌లోని ముజఫర్‌పూర్ వరకు ఒకటి, పశ్చిమ బెంగాల్‌లోని బహరంపూర్ నుండి బంగ్లాదేశ్‌లోని భేరామారా వరకు మరొకటి. 2024 అక్టోబరులో మూడు దేశాల విద్యుత్ సంస్థలు కుదుర్చుకున్న ఒప్పందం ఈ రెంటినీ ఒకే వాణిజ్య మార్గంగా మార్చింది. వర్షాకాలంలో నేపాల్ నదులలో విద్యుత్తు మిగులు. అదే కాలంలో బంగ్లాదేశ్‌లో గిరాకీ అధికం. అందువలననే ఏటా జూన్ 15 నుండి నవంబరు 15 వరకు సరఫరాకు నిర్ణయించారు.

పరిమితులు

ఈ మార్గమూ ఆటంకాలు లేనిది కాదు. తన రహదారులు, పర్యావరణంపై పడే భారం దృష్ట్యా భూటాన్ పార్లమెంటు ఎగువసభ 2016లో మోటారు వాహనాల ఒప్పందాన్ని తిరస్కరించింది. బంగ్లాదేశ్ ఎగుమతులు భారత భూభాగం మీదుగా ఇతర దేశాలకు వెళ్లేందుకు 2020లో కల్పించిన సౌకర్యాన్ని భారత్ 2025 ఏప్రిల్‌లో ఉపసంహరించుకున్నది. తన విమానాశ్రయాలు, రేవులలో రద్దీ వలన భారత ఎగుమతులకు జాప్యం, అదనపు వ్యయం కలుగుతున్నాయని కారణం చూపింది. నేపాల్, భూటాన్‌లకు వెళ్లే బంగ్లాదేశ్ సరకులకు ఈ నిర్ణయం వర్తించదని స్పష్టం చేసింది. అందరి సమ్మతి అవసరం లేని ఏర్పాటు త్వరగా ఆరంభమవుతుంది; ఒక ఉత్తర్వుతో త్వరగానే ముగియవచ్చు కూడా.

బంగాళాఖాత తీర దేశాలతో పాటు నేపాల్, భూటాన్‌లూ సభ్యులైన బిమ్‌స్టెక్ 1997లో ఏర్పడినా, దాని నిబంధనావళి 2024 మే 20న గాని అమలులోకి రాలేదు. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ సమావేశం సందర్భంగా సముద్ర రవాణా ఒప్పందంపై సంతకాలు జరిగాయి. 2004లో ప్రారంభించిన స్వేచ్ఛా వాణిజ్య చర్చలు మాత్రం ఫలించవలసి ఉన్నది.

విద్యుత్ లైన్లు, రేవులు, రహదారులు ఒకసారి నిర్మిస్తే దశాబ్దాలు నిలుస్తాయి. వాటిపై ఆధారపడే రైతుకు, వర్తకునికి, పరిశ్రమకు ప్రభుత్వాల మధ్య సంబంధాలు మారినా సరఫరా ఆగదన్న భరోసా అవసరం. ఉపసంహరణకు ముందస్తు గడువు, వివాద పరిష్కారానికి ఉమ్మడి వ్యవస్థ ఉన్నప్పుడే ఆ భరోసా కలుగుతుంది. చిన్న ఒప్పందాల వేగానికి పెద్ద వేదికల స్థిరత్వాన్ని జోడించడమే దక్షిణాసియా ముందున్న కర్తవ్యం.